గాలి తగలని సీసా

ప్రొఫెసర్ లక్ష్మీనర్సయ్య చనిపోయిన గదిలో అన్నీ ఉన్నాయి. బల్ల ఉంది, కుర్చీ ఉంది, ఆయన కళ్లజోడు ఉంది. లేనిదల్లా గాలి.

యూనివర్సిటీ క్యాంపస్‌లో రాతి భవనాల వెనక, మైక్రోబయాలజీ ల్యాబ్‌ను ఆనుకుని ఉన్న చిన్న గది అది. తలుపు చుట్టూ రబ్బరు అంచు. గాలి సోకితే చచ్చిపోయే సూక్ష్మజీవుల్ని పెంచడానికి ప్రొఫెసర్ కట్టించుకున్న గది. ఆ రోజు పొద్దున్నే ఎవరో బయట గొళ్లెం పెట్టి, లోపలికి పోయే నైట్రోజన్ సిలిండర్ వాల్వును చివరిదాకా తిప్పేశారు. ఏ గాలి తగలకుండా ఆయన తన సూక్ష్మజీవుల్ని సాకాడో, ఆ గాలే అందక ఆయన పోయాడు. పోలీసులు వచ్చి, ప్రమాదం అని రాసుకుని, టీ తాగి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ పరుశురాం తార్నాక చౌరస్తాలో బస్సు దిగాడు. 1998, మే నెల. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. అతను నేరుగా 'జిరాక్స్, ఎస్టీడీ, స్పైరల్ బైండింగ్' అని బోర్డున్న దుకాణంలోకి నడిచాడు.

"రెండు దిక్కుల జిరాక్స్ వస్తదా?"

"వస్తది. గాని మసక వస్తది."

"మసకైనా మంచిదే. చదివేటోన్ని నేనే గద."

కోడ్ సరిపోయింది. కౌంటర్ వెనకున్న రాజలింగం పలక పైకెత్తి అతన్ని వెనక గదిలోకి రానిచ్చాడు. వీధిలోవాళ్లకు రాజలింగం జిరాక్స్ సేటు. ఢిల్లీలో నలుగురైదుగురికి మాత్రం రహస్య విభాగం దక్షిణాది చీఫ్. రెండు ఉద్యోగాల్లోనూ ఆయనకు తృప్తి లేదు. జిరాక్స్ మిషన్ ఒకదాంట్లో మొరాయించేది, ఏజెంట్లు రెండోదాంట్లో.

"లాలాగూడ అవతల, పట్టాల పక్కన ఒక బస్తీ ఉన్నది," అన్నాడు రాజలింగం. "ఆడ బేరింగుల ఫ్యాక్టరీ ఒకటుండె. మూతపడ్డది."

"ఎరుకే సార్."

"ఇనుప సామాన్ల జిడ్డు కడిగే సాల్వెంట్. ట్రైక్లోరోఇథిలీన్ అంటరు. వాడినంక ఏండ్లకేండ్లు భూమిల పారబోసిండ్రు. అది నీళ్లకంటే బరువు. కిందికి దిగి బండల సందుల్ల కూసున్నది. ఇప్పుడు బోరు కొడితే నీళ్లతోని అదే వస్తున్నది."

ఆ బోరు పరుశురాంకు తెలుసు. దానికి నాలుగిళ్ల అవతల లింగమ్మ ఉంటుంది. అతని అక్క. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. ఇప్పుడామె కాళ్లకు నీరు పట్టింది, ముఖం ఉబ్బింది. కిడ్నీలు పాడవుతున్నాయి, ఆ నీళ్లు మానకపోతే ఏడాదైనా బతుకుతుందని చెప్పలేనన్నాడు డాక్టరు. మానేసి ఏం తాగాలో మాత్రం ఆయన చెప్పలేదు. మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చిననాడు పండుగ, రానినాడు బోరు. తమ్ముడు ఇన్సూరెన్స్ ఏజెంటని అక్క నమ్మకం. ఇన్ని దేశాల గుట్లు లాగిన ఆ తమ్ముడు అక్కకు ఒక్క బిందె మంచినీళ్లు ఇప్పించలేకపోయాడు. ఆ సంగతి తలుచుకుంటే పరుశురాంకు అన్నం సహించేది కాదు.

"ప్రొఫెసర్ దగ్గర ఒక కల్చర్ ఉండె, సీసల పెంచిన బ్యాక్టీరియా," రాజలింగం కొనసాగించాడు. "మనం గాలి పీల్చినట్టు, అవి ఆ సాల్వెంట్‌ను పీలుస్తయి. దాంట్ల క్లోరిన్‌ను ఒక్కొక్కటే ఊడబీకుతయి. అన్నీ పీకినంక విషం పోతది. కని శాన రకాల బ్యాక్టీరియా సగం దాక పీకి ఆగిపోతయి. సగంల ఆగితే వినైల్ క్లోరైడ్ మిగుల్తది. అది ముందటిదానికంటే పెద్ద విషం. క్యాన్సర్ తెస్తది."

"ప్రొఫెసర్‌వి ఆగయా?"

"ఆఖరి దాక పొయ్యేటివి ప్రపంచంల ఒకటో రెండో. అండ్ల మనది ఒకటి." రాజలింగం ఒక ఫొటో బల్ల మీదకు తోశాడు. తెల్లసూటు, నెరిసిన గడ్డం, ముత్యాల్లాంటి పళ్లు. "హెలర్. నీళ్లు తోడి శుభ్రం చేసే పెద్ద పెద్ద మిషన్లు దేశదేశాలకు అమ్ముతడు. ఎనక హెరాన్ అని ముఠా ఉన్నది. ఒక్క సీసతోని పనైపోతే ఆని మిషన్లు ఎవడు కొంటడు? రేపు బస్తీల ఫంక్షన్. కల్చర్‌ను బోరులకు ఎక్కిస్తరు. చీఫ్ గెస్టు ఎవరనుకున్నవ్? ఈయనే."

"ఫంక్షన్ ఆపుండ్రి సార్."

"ఏం చెప్పి ఆపాలె? సాక్ష్యం లేదు. ప్రొఫెసర్ ఆత్మశాంతికన్నా జరగాల్నని పైకెల్లి ఫోనొచ్చింది."

"ఆ ముఠాల మనోళ్లు?"

"ఒకామె ఉన్నది. రజిని. హెలర్‌కు ఇంటర్‌ప్రెటర్. మనకు పనిచేస్తది."

"నమ్మొచ్చునా?"

రాజలింగం ఫొటో వెనక్కి తీసుకున్నాడు. "ఆల్లు గూడ గదే అడుగుతున్నరంట," అన్నాడు. లేచేముందు ఒక సిగరెట్ లైటర్ చేతిలో పెట్టాడు. అందులో కెమెరా ఉందట. పరుశురాం నొక్కి చూశాడు. మంట రాలేదు.

"కెమెరా వెట్టినంక మంటకు జాగ యాడుంటది?" అని విసుక్కున్నాడు చీఫ్.

* * *

ఖాకీ చొక్కా, మెడలో ఎర్ర తువ్వాల, చేతిలో సిలిండర్ తోసే బండి. గ్యాస్ సప్లయర్ వేషంలో పరుశురాం ల్యాబ్‌లోకి వెళ్లేసరికి ఒక అమ్మాయి కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న భూమిక.

"అన్నా, సిలిండర్ మేం చెప్పలేదు," అంది లేవకుండానే.

"సార్‌ది ప్రమాదం గాదమ్మ," అన్నాడతను తలుపు దగ్గరికి వేసి. "చంపిండ్రు. ఎవరో తెలుసుకుందామని వచ్చిన."

భూమిక అతన్ని ఎగాదిగా చూసింది. ఆ మాట పొద్దుటినుంచీ ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తున్నట్టు లేచి, అరల దగ్గరికి నడిచింది. వరసగా గాజు సీసాలు. అన్నిటి రబ్బరు బిరడాలూ ఊడబెరికి ఉన్నాయి. అడుగున నల్లటి మడ్డి, పైన గులాబి రంగు నీళ్లు. మురుక్కాలువ వాసన.

"అన్నీ సచ్చిపోయినయన్నా. ఇండ్ల ఒక రంగుమందు కలుపుతం. గాలి తగలకుంటే పైన నీళ్లు తేటగుంటయి. తగిలిందంటే గులాబి రంగు తిరుగుతది. గులాబి చూసినమంటే ఇగ పీనుగే."

"ఒక్కటన్నా మిగల్లేదా?"

"రేపటి ఫంక్షన్ సీస ఉన్నది. మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ అల్మారల వెట్టి తాళమేసిండ్రు." ఆమె గొంతు తగ్గించింది. "గని అది మాది గాదు."

"ఎట్ల చెప్తవ్?"

"పొద్దుగాల నాకు చూపిచ్చిండ్రు. చీటి మాదే, రాత సార్ రాతలెక్కనే ఉన్నది. నీళ్లు తేటగనే ఉన్నయి. బిరడానే కొత్తది! మేం సీస మూత అసలే తియ్యం. తిండి వెట్టాల్నన్నా, నమూన తియ్యాల్నన్నా బిరడాల సూది గుచ్చుతం. కొత్త బిరడాలకు మాకు దిక్కు లేదు. పాతవే ఉడకవెట్టి ఉడకవెట్టి వాడుతం. మిగతయన్ని పుట్టించిన మా తల్లి సీస బిరడ జల్లెడ లెక్కుంటది. దీనికి రెండు పొక్కలున్నయి, గంతే."

పరుశురాంకు లెక్క తేలిపోయింది. అన్ని సీసాలూ చంపి, అసలు సీసా కాజేసి, దాని స్థానంలో సగంలో ఆగిపోయే రకాన్ని పెట్టారు. రేపు అదే బోరులోకి పోతుంది. కొన్నాళ్లకు బస్తీ నీళ్లు ఇంకా పెద్ద విషమవుతాయి. ఈ పద్ధతే దండగని లోకమంతా నమ్ముతుంది, మిషన్లు అమ్ముడుపోతాయి. అసలు కల్చర్ మీద హక్కు తర్వాత నిదానంగా హెరాన్ పేరున వెలుస్తుంది. నడుమ లింగమ్మలాంటి వాళ్లు పోతే పోతారు.

"హెడ్ సార్‌కు చెప్పినవా?"

"చెప్పిన. బిరడ కొత్తగున్నదని ఫంక్షన్ ఆపుతరా, తల తిరుగుతున్నదా అన్నడు. నా చేతుల్తోనే ఎక్కియ్యాల్నంట. నేను ఎక్కియ్యకుంటే ఇంకొకల్లు ఎక్కిస్తరంట." భూమిక మళ్లీ ఏడ్చింది. "ఆ బస్తోల్లు మా సార్‌ను దేవుడనుకున్నరన్నా."

"నిన్నటి సంది ల్యాబ్‌కు ఎవరొచ్చిండ్రు?"

"హెలర్ సార్. ఆయన ఎంబడి రజిని మేడమ్."

* * *

మర్నాడు పొద్దున జిరాక్స్ షాపులో ఫోన్ మోగింది. అవతల ఆడగొంతు రెండు దిక్కుల జిరాక్స్ గురించి అడిగి, మసక సంగతి విని, కాచిగూడ స్టేషన్ పేరు చెప్పి పెట్టేసింది.

పరుశురాం స్టేషన్ బయట ఆటోల వరస పక్కన నిలబడ్డాడు. ఫంక్షన్‌కు వేళ దగ్గరపడుతోంది. బస్తీలో ఈపాటికి షామియానా వేసి ఉంటారు. అక్క కొత్త చీర కట్టుకుని ముందు కుర్చీలో కూర్చుని ఉంటుంది. రజిని రాకపోతే? వచ్చి మోసం చేస్తే? అతనికి అక్కడే దొరికిన సోడా తాగినా దాహం తీరలేదు.

లాడ్జీల సందులోంచి ఆమె వచ్చింది. నిమ్మపండు రంగు షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు, ఎత్తుమడమల చెప్పులు. కూలీలు మూటలు దించడం మరిచి చూశారు. నడుస్తున్నదల్లా పరుగందుకుంది. వెనక ఇద్దరు మనుషులు.

"ఎక్కు!" అంటూ ఆమే ముందు ఆటోలో దూకింది. "లాలాగూడ! జల్దీ పోనీ భాయ్!"

ఆటో బర్కత్‌పుర మీదుగా దూసుకుపోయింది. వెనకాల తెల్ల మారుతీ వ్యాన్. నల్లకుంట మలుపులో వ్యాన్ వచ్చి ఆటో వెనక బంపరును రాసుకుంది. ఆటో డ్రైవర్ హెలర్ ముఠా ఏడు తరాల్ని ఉర్దూలో పలకరించాడు. విద్యానగర్ దగ్గర పెళ్లి బరాత్ అడ్డొచ్చింది. గుర్రం, బ్యాండు, చెమటలు కక్కుతూ చిందులేసే కుర్రాళ్లు. ఆటో గుర్రానికీ క్లారినెట్‌కూ మధ్యనుంచి దూరి బయటపడింది. వ్యాన్ దూరబోయింది గానీ, పెళ్లికొడుకు మేనమామలు పదిమంది దాని ముందు నిలబడి, మా బరాత్‌ల హారన్ కొడ్తావురా అని అద్దం మీద గుద్దారు. మేనమామల్ని దాటి పోయిన బండి ఈ నగరంలో ఇంతవరకు లేదు.

"సీస ఏది?" అన్నాడు పరుశురాం.

రజిని హ్యాండ్‌బ్యాగులోంచి రుమాలు చుట్టిన సీసా తీసింది. "హెలర్ మనిషి రైలెక్కకముందే లాడ్జి గదిలకెల్లి కొట్టుకొచ్చిన. అసలుది ఇదే. బిరడ సూడు, అన్ని పొక్కలే."

నిజమే, జల్లెడలాంటి బిరడా. కానీ అది సీసా మూతికి పూర్తిగా దిగి లేదు, ఒక పక్కకు లేచి ఉంది. పరుశురాం రుమాలు విప్పాడు. పైన నీళ్లు గులాబి రంగులో ఉన్నాయి.

"ఈ బిరడ ఎవరు లేపిండ్రు?"

"నేనే." రజిని గర్వంగానే చెప్పింది. "గది తాళం తీసి లోపటికి పొయ్యేసరికి గట్టిగ బిగిచ్చి ఉన్నది. ప్రాణమున్నయి ఉన్నయని హెలర్ అంటుంటే విన్న. ఊపిరాడక సస్తయేమోనని జెర్ర లేపిన." అతని ముఖం చూసి ఆగిపోయింది. "ఏంది? ప్రాణమున్నదానికి గాలి వద్దా?"

"వీటికి గాలే విషం," అన్నాడతను. ఆమె అద్దాలు తీసింది. వారాసిగూడ చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన పిల్ల. రెండు ముఠాల్ని ఏమార్చగల తెలివి ఉంది. సూక్ష్మజీవుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రాణాలకు తెగించి తెచ్చినదాన్ని జాలిపడి చంపేశానని తెలియగానే ఆమె ఆ బిరడాను వేలితో మళ్లీ లోపలికి నొక్కింది.

"ఇంకోటి చెప్పాలె," అంది చివరికి. "వాల్వు తిప్పింది హెలరే. నేను కారిడార్ల ఉన్న. కొట్టుకుంటున్న సప్పుడు విన్న. అరిస్తే నన్ను గూడ లోపటేస్తడని నోరు మూస్కున్న. గందుకే ఈ సీసన్నా తెద్దామనుకున్న."

ఆటో లాలాగూడ రైల్వే క్వార్టర్లు దాటింది. పరుశురాం ఒళ్లో చచ్చిన సీసా ఉంది. అసలు మందు లేదు. దొంగ మందు ఎక్కించబోతున్నారు. చెబితే నమ్మేవాడు లేడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అతను చాలాసార్లు భయపడ్డాడు గానీ, ఏడవాలనిపించింది ఇదే మొదటిసారి.

* * *

బస్తీలో షామియానా కింద జనం కిక్కిరిసి ఉన్నారు. ప్రొఫెసర్ ఫొటోకు బంతిపూల దండ. మైకు ముందు హెలర్, అతని పక్కన చెమట తుడుచుకుంటూ హెడ్ వెంకటేశ్వర్లు. బోరు పైపు పక్కన ఆసుపత్రి స్టాండుకు సీసాను తలకిందులుగా వేలాడదీశారు. దానికొక సన్నటి ట్యూబు. జబ్బు మనిషికి సెలైన్ ఎక్కించినట్టు భూమికి ఎక్కించే ఏర్పాటు. ట్యూబు క్లిప్పు మీద భూమిక బొటనవేలుంది. ముందు వరసలో లింగమ్మ, ఉబ్బిన కాళ్లు చాపుకుని, రెండు చేతులూ జోడించి ఉంది.

"స్టార్ట్," అన్నాడు హెలర్.

వేలు క్లిప్పును నొక్కబోయింది. పరుశురాం జనాన్ని తోసుకుని వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తమ్మీ! నువ్వేంది రా ఈడ?" అంది లింగమ్మ తెల్లబోయి.

భూమిక అతని రెండో చేతిలోని సీసా చూసింది. గులాబి రంగు చూసింది. "అయిపోయింది," అంది. "తల్లి సీస గూడ పోయిందన్నా."

పరుశురాం అక్క వైపు చూశాడు. ఈ అక్కే చిన్నప్పుడు అతని చేతికి సత్తుగిన్నె ఇచ్చి పక్కింటికి తరిమేది. పిల్లి పెరుగు ఒలకబోసిందనో, ఎండకు పులిసి పాడైందనో. పొయి తోడు తేపోరా అనేది. పక్కింటి పెరుగు పాడైతే వాళ్లు తమ ఇంటికి వచ్చేవాళ్లు. ఈ నేల మీద ఏ ఇల్లాలూ ఒక్క గిన్నెను నమ్ముకుని ఉండదు.

అతను భూమిక చెవి దగ్గరికి వంగాడు. "తోడు ఎవరింట్ల వెట్టినవ్?"

ఆమె ఉలిక్కిపడింది.

"నిజం చెప్పమ్మ. నువ్వు పెరుగు తోడువేసే ఇంట్ల పుట్టినదానివి. ఒక్కతాననే అన్ని వెట్టవు."

"సార్ వద్దన్నడు." ఆమె ఓరగా హెడ్ వైపు చూసింది. "క్యాంపస్ దాటొద్దని రూలు. తెలిస్తే నా సీటు పోతది. ఎవర్ని నమ్మాల్నో తెల్వక ఎవరికి చెప్పలే. వారాసిగూడల మా మేనత్త రాములమ్మ ఇంట్ల. సెలైన్ సీసల వోసి, బియ్యం డబ్బల వెట్టిన. పోయిన ఆదివారం తిండి వెట్టచ్చిన, ఇంక బతికున్నదో లేదో."

పరుశురాం తన వెనకే నిలబడి వింటున్న రజిని వైపు తిరిగాడు. నమ్మొచ్చా అని ఆలోచించే తీరిక లేదు. "పొయ్యి తేవాలె. బిరడ ముట్టుకోవద్దు."

"వేలు గూడ తగలనియ్య," అంది రజిని. భూమిక తన చున్నీ తీసి ఆమె చేతిలో పెట్టింది, అత్త నమ్మడానికి. ఎత్తుమడమల చెప్పులు అక్కడే వదిలేసి రజిని ఉత్త కాళ్లతో ఆటో వైపు పరుగెత్తింది.

"ఈ మనిషెవరు? పక్కకు జరపండి," అని మైకులో అరిచాడు హెడ్. కానిస్టేబుళ్లు కదిలారు. ఇంకొక స్కాలర్ భయంభయంగా క్లిప్పు అందుకున్నాడు. ఇక దారి లేదు. పరుశురాం స్టాండు మీది సీసాను లాగి, కొత్త బిరడాను పళ్లతో పీకి, దానిలోని మడ్డినంతా ఎండలో బండ మీద గుమ్మరించాడు.

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. కానిస్టేబుళ్లు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. లింగమ్మ లేచి, కుంటుకుంటూ వచ్చి, ఉన్న బలమంతా పెట్టి అతని చెంప పగలగొట్టింది.

"నా నీళ్లు పారవోస్తివి గదరా!" అంది. "నా ప్రాణం పారవోస్తివి. నిన్ను గిందుకే పెంచిన్నా?"

పరుశురాం చెంప మండింది. దానికంటే ఆ మాట ఎక్కువ మండింది. చెప్పుకోవడానికి అతని దగ్గర ఒక్క ముక్క లేదు. రజిని వస్తే ఉంది, రాకపోతే లేదు. ఆమె ఇంతకుముందు ఎవరికి మాట ఇచ్చిందో, ఎవరికి తప్పిందో అతనికి తెలియదు.

హెలర్ తొణకలేదు. మైకు దగ్గరికి జరిగి ఇంగ్లీషులో విచారం ప్రకటించాడు. ఒక పిచ్చివాడు ప్రపంచంలోని చివరి సీసాను నాశనం చేశాడనీ, అయినా ఈ పేదలను తమ సంస్థ వదిలిపెట్టదనీ, మిషన్లు ఓడలో సిద్ధంగా ఉన్నాయనీ చెప్పాడు. జేబులోంచి ఒప్పందం కాగితం బయటికొచ్చింది. హెడ్ పెన్ను మూత తీశాడు.

లింగమ్మ నేల మీద కూలబడి ఏడుస్తోంది. హెడ్ పెన్ను ముల్లు కాగితానికి తగిలింది. సరిగ్గా అప్పుడు షామియానా తాడును తెంపుకుంటూ ఆటో లోపలికి వచ్చింది.

ముందు దిగింది రాములమ్మ. లావుపాటి మనిషి, ఒళ్లో తడి గోనెసంచి చుట్టిన సీసా. "భూమికేది? దాని చేతికే ఇస్త. ఈ పోరి అడిగితే ఇయ్యలే, నేనే పట్టుకొచ్చిన," అంది రజిని వైపు అనుమానంగా చూస్తూ. "మూడు నెలల సంది నా బియ్యమన్ని కంపు. పసరు మందని చెప్పి వెట్టింది."

భూమిక గోనె విప్పింది. అడుగున నల్లటి మడ్డి. పైన నీళ్లు తేటగా ఉన్నాయి.

"బతికున్నది!" అని అరిచింది. "సార్ కల్చర్ బతికున్నది!"

హెలర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అసాధ్యం," అన్నాడు ఇంగ్లీషులో, తనలో తాను అనుకున్నట్టు. "ల్యాబ్‌లో మిగిల్చిన ప్రతి సీసా నా చేత్తో తెరిచాను. ఆ ముసలాడు పోకముందే తెరిచాను." మైకు ఇంకా అతని నోటి దగ్గరే ఉంది. ఆ మాటలు షామియానా నలుమూలలా వినబడ్డాయి గానీ, బస్తీలో ఎవరికీ అర్థం కాలేదు.

రజిని ఉత్త కాళ్లతో మైకు దగ్గరికి నడిచింది. ఇంటర్‌ప్రెటర్‌గా తనకిచ్చిన ఉద్యోగం తాను చేసింది.

"ల్యాబ్‌ల సీసలన్ని నేనే తెరిచిన అంటున్నడు," అంది స్పష్టంగా. "ప్రొఫెసర్ సార్ సావకముందే తెరిచిండంట. ఇది ఆయన మాట. ఇగ నా మాట చెప్త. సార్ గదికి గొళ్లెం వెట్టి గ్యాస్ వదిలింది గూడ ఈయనే. నేను కండ్లార చూసిన. ఏ కోర్టులనైన చెప్త."

హెడ్ చేతిలో పెన్ను కిందపడింది. కానిస్టేబుళ్లు పరుశురాంను వదిలేశారు. ఎవరిని పట్టుకోవాలో వాళ్లకు అర్థమయ్యేలోపే బస్తీ ఆడవాళ్లు హెలర్‌ను పట్టుకున్నారు. తెల్లసూటు అంతసేపు తెల్లగా ఉండడం వాళ్లకు నచ్చలేదు.

పోలీసు వ్యాన్ ఎక్కిస్తుంటే హెలర్ పరుశురాం వైపు తిరిగాడు. "ఇంకొకటి ఉందని నీకెలా తెలుసు?"

"మీ దిక్కు పెరుగు దుకాణంల కొంటరు సార్," అన్నాడు పరుశురాం. "గదే మీ తిప్పలు."

భూమిక సెలైన్ సీసాను స్టాండుకు వేలాడదీసి, సూది గుచ్చి, క్లిప్పు నొక్కింది. నల్లటి మడ్డి చుక్కచుక్కగా భూమిలోకి దిగింది. జనం చప్పట్లు కొట్టలేదు. ఎవరూ చెప్పకుండానే ప్రొఫెసర్ ఫొటో వైపు తిరిగి దండం పెట్టారు. సీసా అడుగున నాలుగు చుక్కలు మిగలగానే రాములమ్మ క్లిప్పు మూయించి, సీసాను మళ్లీ గోనెలో చుట్టుకుంది.

లింగమ్మ తమ్ముడి చెంప తడిమింది. "ఇన్సూరెన్సోల్లకు గివన్ని ఎందుకు రా?" అంది ఏడుస్తూనే. అతను అబద్ధం చెప్పలేకా నిజం చెప్పలేకా ఆమె భుజం మీద తల పెట్టుకున్నాడు.

* * *

మరుసటి ఎండాకాలం దాకా బస్తీకి ట్యాంకరు రోజూ వచ్చింది, రాజలింగం ఎవరి పీక పట్టుకున్నాడో గానీ. లింగమ్మ కాళ్ల వాపు తగ్గింది. మాత్రలు మానే రోజు మాత్రం రాదన్నారు. నడుమ కొన్నాళ్లు బోరు నీళ్లలో వినైల్ క్లోరైడ్ పెరిగి అందరి గుండెల్నీ జారవిడిచింది. తర్వాత అదీ తగ్గుతూ తగ్గుతూ కనబడకుండా పోయింది. మూడుసార్లు పరీక్ష చేశాక భూమిక స్వయంగా వచ్చి, బోరు కొట్టి, మొదటి గ్లాసు తాను తాగి, రెండోది లింగమ్మకు ఇచ్చింది. లింగమ్మ కళ్లు మూసుకుని గటగటా తాగింది. పరుశురాం పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"గంత విషం యాడికి పోయింది బిడ్డా?" అంది లింగమ్మ మూతి తుడుచుకుంటూ.

"క్లోరిన్ అంత పీకేసినంక ఇథిలీన్ మిగుల్తది పెద్దమ్మా. ఏం కాదు. మామిడికాయలు మాగవెడ్తరు సూడు, గా గాలే."

లింగమ్మ గ్లాసులోకి ఒకసారి, తమ్ముడి ఖాళీ చేతుల వైపు ఒకసారి చూసింది.

"మాగవెట్టే గాలంత మా బోరుల వెట్టుకొని," అంది, "మే నెలల అక్క ఇంటికి ఒట్టి చేతుల్తోని వచ్చినవారా తమ్మీ?"